తెల్లరాతి పొరలు

పెద్ద వరద వచ్చిన ముప్పయ్యో ఏడు అది. ఆ అఖాతం ఒడ్డున తేదీలతో ఎవరికీ పని లేదు. పుట్టినా, పోయినా, పెళ్ళయినా వరదకి ముందు ఇన్నేళ్ళు, వరద తర్వాత ఇన్నేళ్ళు అని చెప్పుకుంటారు. ఆ ఏడు ఇంకో నెలలో వానలు పడతాయనగా కొండ దిగి కొలతలాయన వచ్చాడు. ఒడ్డుకి చేరేసరికి ఆయన బూటు ఒకటి నోరు తెరిచింది.

ఒడ్డున పదహారు ఇళ్ళు. అన్నీ చెక్క ఇళ్ళే. రేవు ఆఫీసు నుంచి నోటీసు వచ్చి అప్పటికి పది రోజులైంది. అఖాతాన్ని గోదాములకి తీసుకుంటారట. నోటీసు నాటికి జనం అరవై ఏళ్ళుగా ఉంటున్నట్టు తేలితే ఎవరినీ కదపరు. ఒక్క ఏడు తగ్గినా పదహారు కుటుంబాలూ కొండ అవతలికి పోవాలి. అది తేల్చడానికే కొలతలాయన వచ్చింది. ఆయనకి మూడు రోజులు గడువు.

ఆయన్ని పడవలో తిప్పే పని గురి తాతకి అప్పజెప్పారు.

బయట సముద్రంలోంచి చూస్తే అక్కడ అఖాతం ఉందని ఎవరూ అనుకోరు. ఒక కొండ వెనక ఒక కొండ నిలబడి దారిని కప్పేస్తాయి. ఓడలు ఎన్నో ఏళ్ళు అటు ఇటు పోయాయి గాని ఒక్కటీ లోపలికి తొంగిచూడలేదు. దారి దొరకాలంటే గుర్తు ఒకటే. లోపల ఏరు కలిసే చోట రెండు నిలువుల ఎత్తు రాయి ఉంది. ఆ రాయి, వెనక కొండ నెత్తిన ఉన్న చీలిక, రెండూ ఒకే గీత మీదికి వచ్చేలా పడవ ముక్కు తిప్పుకోవాలి. అదే గురి. గురి తప్పితే రెండు పక్కలా నీళ్ళ కింద రాళ్ళున్నాయి. అందుకే రాయి ఎప్పుడూ తెల్లగా ఉండాలి. ఏటా వానలకి ముందు దానికి సున్నం వేస్తారు. మొదట వేసింది తాత తండ్రి. ఇప్పుడు వేసేది తాత. పిల్లలు ఆయన్ని గురి తాత అన్నారు, పెద్దలకీ అదే అలవాటైంది.

తాత మాటల మనిషి కాడు. "ఆయన నోట ఒక్క మాట రావాలంటే రెండు ఆట్లు, రెండు పోట్లు గడవాలి" అంటాడు పడవల మేస్త్రి.

మొదటి రోజు పొద్దుటి నుంచీ తాత తెడ్డు వేస్తూనే ఉన్నాడు. కొలతలాయన మోకాళ్ళ మీద పాత పటం పరుచుకుని కూర్చున్నాడు. పటంలో అఖాతం చుట్టూ సన్నటి గీత ఉంది. లోపలంతా ఖాళీ.

"ఇది గీసినవాళ్ళు లోపలికి రానేలేదు తాతా. కొండెక్కి చూసి గీసి పోయారు. జనం లేరని రాశారు" అన్నాడు.

తాత పటం వంక చూసి తెడ్డు లాగాడు.

"మీవాళ్ళు ఎప్పుడొచ్చారు?"

"నేను చంకలో ఉన్నప్పుడు."

"నీకెన్నేళ్ళు?"

"ఎవరు లెక్కపెట్టారు?"

కొలతలాయన నవ్వాడు. నవ్వినా మొహంలో అలసట పోలేదు. "కాగితం ముక్క ఏదైనా? ఇంటి పత్రం, బడి రిజిస్టరు, సమాధి రాయి?"

"వరదకి పోయాయి."

"అన్నీనా?"

"ఇళ్ళే పోయాయి."

పడవ ఏటి మూతి దగ్గరికి వచ్చింది. ఎండకి తెల్లరాయి కళ్ళు మూసుకునేంత మెరుస్తోంది. కొలతలాయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"అదేంటి?"

"గురి."

"సున్నమా? దళసరిగా ఉందే. ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నారు?"

తాత తెడ్డు నీళ్ళలో ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణంలో పడవ ప్రవాహానికి పక్కకి జారింది. ముప్పై ఏళ్ళలో తాత పడవ అలా జారడం ఎవరూ చూడలేదు. కొలతలాయనకి ఆ సంగతి తెలిసే వీలు లేదు.

"మొదటి నుంచీ" అని, తాత పడవని రాతికి దూరంగా తిప్పేశాడు.

*

రెండో రోజు సాయంత్రం అందరూ పడవల కొట్టంలో చేరారు. సగం కట్టిన పడవ ఒకటి దుంగల మీద ఉంది. కొలతలాయన దాని అంచున కూర్చుని బూటు విప్పి, మేస్త్రి కొట్టిచ్చిన మేకులు సరిగ్గా దిగాయో లేదో చూసుకుంటున్నాడు.

"నేను మీ మీద కక్షతో రాలేదు. ఇంటింటికీ తిరిగాను. చెక్కలన్నీ వరద తర్వాతివే. నోటి మాట రాస్తే పై ఆఫీసరు నా మొహాన కొడతాడు. రేపు సాయంత్రంలోగా చేత్తో పట్టుకుని చూపించే సాక్ష్యం ఒక్కటి కావాలి" అన్నాడు.

"మా అమ్మని చేత్తో పట్టుకుని చూపించనా? ఎనభై దాటింది. కాకపోతే పట్టుకుంటే కరుస్తుంది" అన్నాడు మేస్త్రి.

నవ్వు వచ్చింది గాని ఎక్కువసేపు నిలవలేదు. ఎవరో దగ్గారు. తాత మూలన దుంగకి ఆనుకుని తాడు పేనుతున్నాడు.

కొట్టం గుమ్మం అవతల తాత వదిన చిప్పల సున్నం తడుపుతోంది. ఒడ్డున దొరికే చిప్పలు ఏరి, బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి సున్నం చేయడం ఆమె పని. కాలిన చిప్పల మీద నీళ్ళు పడి బుసబుసమంటున్నాయి. ఆవిరికి మొహం పక్కకి తిప్పుకుని, కర్రతో కలుపుతూ, లోపలికి చూడకుండానే అంది.

"రాతిని అడగండయ్యా."

"ఏ రాతిని?" అన్నాడు కొలతలాయన.

"తెల్లరాతిని. ఏడాదికి ఒక పూత. పాత పూత మీదే కొత్త పూత. గీకడం మా ఇంట లేదు. మా మామగారు వేసిన మొదటి పూత ఇంకా అడుగునే ఉంటుంది. చెక్కి చూసుకోండి."

కొట్టం అంతా ఒక్కసారి లేచి కూర్చుంది. మేస్త్రి తొడ చరిచి, "ఓరి నా తెలివి కాలా! పదేళ్ళ నుంచి దాని పక్కన ఉలి పట్టుకుని కూర్చున్నానే, నాకు తట్టలేదు!" అన్నాడు. కొలతలాయన బూటు వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

తాత చేతుల్లో తాడు పేట విడిపోయింది. మళ్ళీ కలిపి పేనాడు. మళ్ళీ విడిపోయింది.

వదిన కర్ర ఆపలేదు. తాత వైపు చూడలేదు.

*

తాత తండ్రి ఒక పద్ధతి పెట్టి పోయాడు. రాతికి సున్నం ఒక ఏడు పెద్దవాడు వేయాలి, ఒక ఏడు చిన్నవాడు వేయాలి. వరద ఏడు చిన్నవాడి వంతు, అంటే ఇప్పటి తాత వంతు. అంతకు ముందు ఒకరోజు కొట్టంలో నలుగురి ముందు అన్న సరదాగా అన్నాడు, "మావాడు వేసిన ఏడు రాతి మీద పిట్ట రెట్ట వేసినట్టుంటుందిరా" అని. అందరూ నవ్వారు. అన్న మర్నాడే సరుకుతో పైరేవులకి పోయాడు. చిన్నవాడికి ఆ నవ్వు చెవిలోంచి పోలేదు. వదిన ఇచ్చిన సున్నం కుండని కొట్టంలో చెక్కల వెనక పెట్టేశాడు. వారం పోయాక వేద్దాంలే అనుకున్నాడు. వారం నెలయింది. "రాతికి వేశావా?" అని వదిన అడిగితే, "వేశాను" అన్నాడు. ఆమెకి అప్పుడు మూడో కాన్పు దగ్గర పడింది, ఏటి మూతి దాకా నడిచి చూసే ఓపిక లేదు. తక్కినవాళ్ళు కళ్ళు మూసుకున్నా దారి తెలిసినవాళ్ళు, రాతి వంక పట్టి చూసేవాడు లేడు. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం వానలో అన్న తిరిగొచ్చాడు. అప్పటికే ఏరు పొంగుతోంది. ఏడాది మసి పట్టిన రాయి వానలో కొండ రంగులో కలిసిపోయింది. ఎర్రనీళ్ళు పడవని దారి పక్కకి తోస్తుంటే అన్న వెతుక్కున్నది ఆ తెలుపునే. ఒడ్డున నిలబడ్డవాళ్ళకి పడవ విరిగిన చప్పుడు వినిపించింది. అన్న ఒడ్డుకి చేరలేదు. మర్నాటికి వరద రాతినే ముంచేసింది. నీళ్ళు తీశాక రాయి పైనుంచి కింద దాకా ఎర్రమట్టి. అది చూపించి, "నేను వేసిన పూతని వరద తీసుకుపోయింది" అన్నాడు తమ్ముడు. ఎవరు మాత్రం కాదంటారు? వరద ఇళ్ళనే తీసుకుపోయింది.

ఆ తర్వాత అన్న వంతు కూడా తనదే అయింది. ముప్పై ఏళ్ళలో ఒక్క ఏడు తప్పలేదు.

*

మూడో రోజు పొద్దున నీళ్ళు తగ్గిన వేళ పదహారు ఇళ్ళ వాళ్ళూ రాతి దగ్గరికి నడిచారు. వదిన కూడా వచ్చింది. తడి ఇసకలో చెప్పులు చేత పట్టుకుని అందరికంటే వెనక నడిచింది.

మేస్త్రి తన సన్న ఉలి తెచ్చాడు. నడుము ఎత్తున, ఎండ పడని పక్క చోటు చూసుకుని, చెవి ఆనించి వేళ్ళతో కొట్టి చూశాడు. బోలుగా పలికిన చోట ఉలి పెట్టి చిన్న చిన్న దెబ్బలు వేశాడు. కాసేపటికి అరచెయ్యంత పెచ్చు రాతిని వదిలి ఆయన చేతిలోకి వచ్చింది. బొటనవేలు వెడల్పు మందం ఉంది. రాతి వైపు ఇసక రేణువులు అంటుకుని ఉన్నాయి.

"అడుగు దాకా వచ్చింది. ఇదిగో, రాయి" అన్నాడు.

కొలతలాయన పెచ్చుని నీళ్ళలో ముంచి తీశాడు. తడికి అంచు మీద గీతలు లేచాయి. తెలుపు, దాని మీద వెంట్రుకంత నలుపు. మళ్ళీ తెలుపు, మళ్ళీ నలుపు. ఏడాదికి ఒక తెలుపు, ఏడాది పొడుగునా పట్టిన ఉప్పు, మసి, పాచి ఒక నలుపు. సరిగ్గా నడిమికి ఒక ఎర్ర గీత. ఆయన సూది మొనతో ఒక్కొక్క గీత దాటుకుంటూ లెక్కపెట్టాడు. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందనుంచి పైకి.

"ఎర్ర గీత పైన ఇరవై తొమ్మిది. కింద ముప్పై" అన్నాడు.

మేస్త్రి వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. "యాభై తొమ్మిది."

ఎవరో ఉస్సురన్నారు.

"ఈ ఏటి పూత ఇంకా పడలేదు కదండీ. ఇప్పుడే తాత చేత వేయించి అరవై అనుకుంటే పోలా?" అన్నాడు మేస్త్రి. అడిగింది వేళాకోళంగానే గాని, గొంతులో వేళాకోళం లేదు.

"నోటీసు నాటికి ఉన్నదే లెక్క." కొలతలాయన సూది ఎర్ర గీత మీద పెట్టాడు. "ఇది వరద మట్టి కదా. దీని కింద ఉన్న తెలుపు వరద ఏటి పూతేనా? అయితే యాభై తొమ్మిదే. అంతకు ముందు ఏటిదైతే, వరద ఏడు పూత లేకుండా గడిచినట్టు. అప్పుడు అరవై."

ఒక్కసారి అందరూ అందుకున్నారు. "ముందు ఏటిదే సార్! వరద ఏటి పూత కడుక్కుపోయింది. తాత వేశాడు, వరద తీసుకుపోయింది. ఊరందరికీ తెలుసు. చెప్పు తాతా!"

తాత "వరద తీసుకుపోయింది" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా అన్న మాటే. అలవాటు మీద వచ్చేసింది.

కొలతలాయన పెచ్చుని ఆయన కళ్ళ ముందు పెట్టాడు. "చూడు తాతా. ఎర్రమట్టి కింద నలుపు ఉందా లేదా? పై పూతని ఊడ్చుకుపోయిన నీళ్ళు దాని కింది మసిని వదిలేస్తాయా? ముందు ఈ నలుపు పోవాలి. పోలేదు, చెక్కు చెదరలేదు. కడుక్కుపోయిందని నేను రాయలేను. రాస్తే మొత్తం పెచ్చునే నమ్మరు. రాయకపోతే యాభై తొమ్మిదే నిలుస్తుంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ ఏడు అసలు పూత పడలేదని వేసే మనిషి చెప్తే అది వేరు. పడిందని నువ్వే అంటున్నావు."

అలలు వచ్చి రాతి పాదాన్ని తడిపి పోతున్నాయి. తాత ఆ పెచ్చు వంక చూస్తూ నిలబడ్డాడు. వెంట్రుకంత నలుపు. ముప్పై ఏళ్ళు దాని మీద ఇరవై తొమ్మిది పూతలు వేశాడు. ఒక్కొక్క ఏడు, కొంచెం దళసరిగా.

జనం ఆయన్నే చూస్తున్నారు. వదిన సముద్రం వైపు చూస్తోంది.

"పడలేదు" అన్నాడు తాత.

"ఏమన్నావు?"

"ఆ ఏడు పూత పడలేదు. నా వంతు. నేను వెయ్యలేదు."

"తాతా, ఇళ్ళ కోసమని అబద్ధం..." అన్నాడు మేస్త్రి.

"అప్పుడు ఆడింది అబద్ధం. కుండ మీ నాన్న కొట్టంలోనే చెక్కల వెనక పెట్టాను. నాకు కోపం వచ్చి వెయ్యలేదు."

అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు. కొలతలాయనకి ఆ మాటల వెనక ఏముందో తెలియదు. పెచ్చుని మళ్ళీ తడిపి, తిప్పి చూసుకుని, "నిజమే. నిండు ఏడాది నలుపు ఉంది. వానలకి ముందు పడ్డ పూతయితే వరద నాటికి ఇంత పట్టదు" అని, కాగితం తొడ మీద పెట్టుకుని రాశాడు. అరవై అని అంకె వేసి, అక్షరాల్లో కూడా రాశాడు. తాత చేత వేలిముద్ర వేయించాడు.

పదహారు ఇళ్ళూ నిలిచాయి. మేస్త్రికి పడవ పని నేర్పింది తాత అన్న. మేస్త్రి ఉలి మొన చొక్కాకి తుడిచి సంచిలో వేసుకున్నాడు. తాత పక్కనుంచే పోయాడు, ఆగలేదు. ఒకరి వెనక ఒకరు కదిలారు. ఒక తల్లి తాత చెయ్యి పట్టుకున్న తన పిల్లని పిలిచి తీసుకుపోయింది. కొలతలాయన పెచ్చుని గుడ్డలో చుట్టుకుని, "పెద్ద మేలు చేశావు తాతా" అన్నాడు. తాత వినిపించుకోలేదు.

చూస్తే వదిన కూడా వెళ్ళిపోయింది. తడి ఇసకలో ఆమె అడుగులున్నాయి. అలవాటైన నడకే. తొందరా లేదు, తడబాటూ లేదు.

*

పొద్దు వాలుతుండగా ఆమె తాత ఇంటికి వచ్చింది. రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడే. తాత అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు పనిలేకుండా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమె చంకలో కుండ ఉంది. అరుగు మీద దింపి, నడుము పట్టుకుని నిలబడింది. కుండ ఒళ్ళంతా తడి మట్టి. మూతికి గుడ్డ, గుడ్డ మీద పుల్ల పెట్టి మెలితిప్పిన తాడు ముడి. ఆ ముడి వదిన ముడి. సున్నం కుండకి అలా ముడి వేసేది ఆమె ఒక్కతే.

"వరదకి కూలిన కొట్టం బురద ఎత్తింది ఎవరనుకున్నావు?" అంది.

తాత కుండ వంక చూశాడు.

"పసిబిడ్డని ఒడ్డున పడుకోబెట్టి నేను ఎత్తాను. చెక్కలు తీస్తే చేతికి తగిలింది. విప్పి చూశాను. నిండుగా ఉంది. వేలు కూడా పెట్టలేదు నువ్వు." ఆమె కొంగుతో కుండ మూతి మీద మట్టి తుడిచింది. "బట్టీ వెనక పాతిపెట్టాను. ఏటా వానలు పోయాక నీళ్ళు పోస్తూ వచ్చాను. నీళ్ళ కింద ఉంటే సున్నం చెడదు. గుడ్డా తాడూ కుళ్ళినప్పుడల్లా మార్చాను."

"ముప్పై ఏళ్ళా?" అన్నాడు తాత. మళ్ళీ అన్నాడు.

"నువ్వు చెప్తావని చూశాను. మొదటి ఏడు చూశాను. రెండో ఏడు చూశాను. ముగ్గురు పిల్లలు, చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టే చెయ్యి నీదొక్కటే. అడిగితే ఆ చెయ్యి ఆగిపోతుందేమోనని అడగలేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అడుగుదామనుకున్నాను. అప్పటికి అలిసిపోయాను మరిదీ."

"మరి నిన్న ఆయనకి ఎందుకు చెప్పావు, రాతిని చూడమని?"

"ఇళ్ళు పోతాయి కదా."

"అంతేనా?"

అఖాతం మీద వెలుగు తగ్గుతోంది. కొండల మధ్య సందు ఎటు ఉందో అప్పుడే తెలియకుండా పోయింది.

"నా సున్నం. ఏ పూత ఉందో, ఏది లేదో నాకు తెలియదా?" అంది చివరికి. కుండని కాలితో కొంచెం ఆయన వైపు జరిపింది. "ఈ ఏటిది గోడ దగ్గర పెట్టాను. ఇది కూడా నీదే."

తన గుమ్మం దాకా పోయి ఆగింది. "చేపలు తేవడం మానకు. అలవాటైపోయింది" అంది, లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున తాత రెండు కుండలూ పడవలో పెట్టుకుని ఏటి మూతికి పోయాడు. మేస్త్రి కొట్టం గుమ్మంలో నిలబడి చూశాడు గాని పలకరించలేదు. తాత రాతి నెత్తికి తాడు వేసి, నడుముకి కట్టుకుని, కొత్త కుండలో కుంచె ముంచాడు. పెచ్చు లేచిన చోట మొదట వేశాడు. అక్కడ రాయి నల్లగా, చల్లగా ఉంది. తర్వాత పైనుంచి కింద దాకా ఎక్కడా వదలకుండా వేశాడు. ఎండ నెత్తికెక్కింది. పూత ఆరేదాకా రాతి నీడలో కూర్చున్నాడు. వేలు పెట్టి చూస్తే తెలుపు అంటలేదు. అప్పుడు పాత కుండ ముడి విప్పి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, తాడు పట్టుకుని మళ్ళీ పైకి ఎక్కాడు. పైనుంచి రెండో పూత మొదలుపెట్టాడు.